విండోస్ 11కి మారాక సౌండ్ మాయం: రియల్‌టెక్, కోడ్ 10 [పరిష్కారమైంది]

గోదారిగట్టు · శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఇంట్లో వాడే డెస్క్‌టాప్. సౌండ్ మదర్‌బోర్డు మీదదే, విడిగా కార్డు లేదు. విండోస్ 10 మీదనే 11 ఎక్కించాను, ఫైళ్లు అలాగే ఉంచి. అప్పటినుంచి స్పీకర్లలో చప్పుడు లేదు. స్పీకర్ బొమ్మ మీద ఎర్ర గుర్తేమీ లేదు గానీ, అవుట్‌పుట్ జాబితాలో మానిటర్ పేరు ఒక్కటే కనిపిస్తోంది. ఆ మానిటర్‌కి స్పీకర్లే లేవు. డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ హై డెఫినిషన్ ఆడియో పక్కన పసుపు ముక్కోణం, లోపల చూస్తే కోడ్ 10, అంటే పరికరం మొదలవలేకపోతోందని. రియల్‌టెక్ ఆడియో కన్సోల్ తెరిస్తే ఆర్‌పీసీ సర్వీసుకు కనెక్ట్ కాలేకపోయానంటోంది. డ్రైవర్ రెండుసార్లు ఎక్కించాను, అదే కథ. ఫార్మాట్ కొట్టడమేనా?

వన్‌క్లిక్ · 9:20

ఏదో ఒక డ్రైవర్ అప్‌డేటర్ వేసి స్కాన్ కొట్టండి బ్రో. అన్నీ అదే చూసుకుంటుంది.

పసుపుముక్కోణం · 9:41

ఫార్మాట్ వద్దు, అప్‌డేటర్ అసలే వద్దు. ఆ అప్‌డేటర్లలో చాలావాటికి చిప్ పేరు కలిస్తే చాలు. కానీ ఒకే చిప్‌ను పది బోర్డుల్లో పది రకాలుగా తీగలు కలిపి వాడతారు. ఏ పిన్ను ఏ రంధ్రానికి పోతుంది, ముందు జాక్ ఎక్కడుంది లాంటివి బోర్డుకో తీరు. ల్యాప్‌టాప్‌లో అయితే స్పీకర్‌కి ముందు చిన్న యాంప్లిఫయర్ కూడా ఉంటుంది, దాన్ని మేల్కొలిపే సూచనలు ఆ మోడల్ డ్రైవర్‌లోనే ఉండొచ్చు. పేరు చూసి ఎక్కిస్తే డివైస్ మేనేజర్‌లో అంతా పచ్చగా ఉంటుంది, చప్పుడు మాత్రం రాదు.

గోదారిగట్టు గారూ, ముందు ఈ మూడు వివరాలు పెట్టండి.

డివైస్ మేనేజర్‌లో ఆ రియల్‌టెక్ మీద డబుల్ క్లిక్, డీటెయిల్స్ ట్యాబ్, ప్రాపర్టీ దగ్గర హార్డ్‌వేర్ ఐడీస్. అందులో అన్నిటికంటే పొడుగు వరుస కావాలి. వెన్ తర్వాత 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 8086 ఇంటెల్, 10డీఈ ఎన్‌విడియా, 1002 ఏఎండీ. డెవ్ తర్వాతి నాలుగంకెలు చిప్ నంబరు. సబ్‌సిస్ అన్నది బోర్డు గుర్తు, అది ఇక్కడ పెట్టనక్కర్లేదు.

పక్కనే డ్రైవర్ ట్యాబ్‌లో ప్రొవైడర్, తేదీ, వెర్షన్.

సిస్టమ్ డివైసెస్ కింద హై డెఫినిషన్ ఆడియో కంట్రోలర్ ఉందా, దానికేమైనా ముక్కోణం ఉందా? ఈ కంట్రోలర్ ప్రాసెసర్ వైపు చిప్‌సెట్‌లో ఉంటుంది, రియల్‌టెక్ కోడెక్ (అంటే సౌండ్ చిప్) దాని వెనకాల వేలాడుతుంది. తల్లి పడుకుంటే పిల్ల కనిపించదు. చాలామంది పిల్లకే మందు వేస్తుంటారు.

గోదారిగట్టు · 10:05

వెన్ 10ఈసీ, డెవ్ 0887. ప్రొవైడర్ రియల్‌టెక్, తేదీలో 2017 అని ఉంది, వెర్షన్ 6.0.1.8తో మొదలవుతోంది. కంట్రోలర్ ఉంది, ముక్కోణం లేదు. అయితే నేను బోర్డు సైటు నుంచి దించినది 6.0.9తో మొదలయ్యేది. ఎక్కిస్తే "విజయవంతం" అన్నది కూడా. మరి ఇది పాతదే ఎందుకు చూపిస్తోంది?

పసుపుముక్కోణం · 10:48

అదే మీ జబ్బు. డెవ్ 0887 అంటే ఏఎల్‌సీ887. కంట్రోలర్ బాగానే ఉంది, కోడెక్ కనిపిస్తోంది, కాబట్టి చిప్ బతికే ఉందని దాదాపు చెప్పొచ్చు. రెండు తరాల డ్రైవర్లు ఒకే చోట కలబడుతున్నాయి.

పాత తరం హెచ్‌డీఏ డ్రైవర్ ఒకటే పెద్ద మూట. కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించే రియల్‌టెక్ హెచ్‌డీ ఆడియో మేనేజర్ అందులోదే. కొత్త తరం యూఏడీ ముక్కలు ముక్కలుగా వస్తుంది: మూల డ్రైవర్ ఒకటి, బోర్డుకు తగ్గ సర్దుబాట్లున్న ఎక్స్‌టెన్షన్ ఒకటి, సాఫ్ట్‌వేర్ కాంపొనెంట్లు రెండో మూడో, వీటికి తోడు మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఆడియో కన్సోల్. ఈ కన్సోల్ మాట్లాడేది రియల్‌టెక్ ఆడియో యూనివర్సల్ సర్వీస్‌తో. ఆ సర్వీసు యూఏడీతోనే వస్తుంది. అడుగున పాత డ్రైవర్ ఉంటే సర్వీసు లేదు, సర్వీసు లేకపోతే కన్సోల్‌కి ఆర్‌పీసీ, అంటే దానితో మాట్లాడే దారి, దొరకదు. అంటే ఆ ఆర్‌పీసీ సందేశం వేరే రోగం కాదు, దానికోసం విడిగా వెతకొద్దు.

ఇక చేయాల్సింది. వరుస తప్పొద్దు.

ముందుగా బోర్డు కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ తెరవండి. రివిజన్ నంబరు కూడా చూడాలి, బోర్డు మూలన ముద్ర వేసి ఉంటుంది. విండోస్ 11 కింద ఇచ్చిన ఆడియో డ్రైవర్ దించి జిప్ విప్పేసి పెట్టుకోండి. ఆ తర్వాత నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఉంటే ఆపండి. లేకపోతే మీరు తీసేలోపే విండోస్ అప్‌డేట్ ఇంకోటి తెచ్చి పెడుతుంది.

సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో రియల్‌టెక్ హై డెఫినిషన్ ఆడియో డ్రైవర్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ తన కెర్నెల్‌ను (మూల భాగాన్ని) డిస్కులో దాచుకుని పడుకుంటుంది, లేచాక పాత డ్రైవర్ అదే స్థితిలో లేస్తుంది. రీస్టార్ట్‌లోనే అది నిజంగా చస్తుంది.

తర్వాత డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్ డివైస్. అడిగే చిన్న కిటికీలో డ్రైవర్‌ను కూడా తొలగించు అనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. టిక్ లేకపోతే పరికరం పేరు మాత్రమే పోతుంది, డ్రైవర్ మూట విండోస్ గోదాములో అలాగే ఉండి మళ్లీ స్కాన్ చేయగానే తిరిగొస్తుంది. తీసేశాక పైన యాక్షన్ మెనూలో స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్ కొట్టండి. మళ్లీ రియల్‌టెక్ పేరే వస్తే గోదాములో ఇంకో పాత మూట ఉందన్నమాట, మళ్లీ టిక్ పెట్టి తీయండి. రెండు మూడుసార్లు పట్టొచ్చు. చివరికి పేరు "హై డెఫినిషన్ ఆడియో డివైస్" అని మారి, ప్రొవైడర్ మైక్రోసాఫ్ట్ అవుతుంది.

అక్కడ ఆగి ఒక పాట పెట్టి చూడండి. సౌండ్ వస్తే హార్డ్‌వేర్ మీద అనుమానం పూర్తిగా తీరినట్టే. ఆ తర్వాతి సంగతి తర్వాత.

టంకం_మాస్టారు · 11:02

పైదానికి ఒక్క మాట కలుపుతాను. ఏ మరమ్మతుకైనా ముందు చప్పుడు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "ఎంఎంఎస్‌వైఎస్ డాట్ సీపీఎల్" అని ఇంగ్లిషులో కొట్టండి, పాత సౌండ్ కిటికీ వస్తుంది. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ప్రతి పరికరం పక్కనా నిలువుగా గీతలుంటాయి. పాట నడుస్తుండగా ఆ గీతలు పచ్చగా ఎగురుతుంటే విండోస్ తన పని తాను చేసి శబ్దాన్ని ఆ పరికరానికి అప్పగిస్తోందని అర్థం. అప్పుడు ఇంకా డ్రైవర్‌ను తిట్టుకుంటూ కూర్చోవద్దు: ఎంచుకున్న పరికరం సరైనదేనా, రంధ్రం, వైరు, స్పీకర్ స్విచ్చు, ఈ వరుసలో చూడాలి. ఏ పరికరం దగ్గరా ఎగరకపోతే అప్పుడు సర్వీసులు, డ్రైవర్.

పెంగ్విన్‌పోరడు · 11:15

అన్నా, హార్డ్‌వేర్ బాగుందో లేదో తేల్చనీకి ఇంకో తొవ్వ ఉన్నది. ఉబుంటు పెన్‌డ్రైవ్ చేస్కొని, ఇన్‌స్టాల్ చెయ్యకుండ ట్రై అని బూట్ చెయ్యి. 8 జీబీ డ్రైవ్ అయితె సాలు. టెర్మినల్ల "ఏప్లే మైనస్ ఎల్" కొడితే కార్డులు చూపిస్తది. ఏఎల్‌సీ887 అనలాగ్ అని వచ్చి పాట మోగితే విండోస్ల సాఫ్ట్‌వేర్ లొల్లే. హెచ్‌డీఎంఐ ఒక్కటే వచ్చి అనలాగ్ రాకపోతే బయోస్ల (విండోస్ కన్న ముందు వచ్చే బోర్డు సెటప్ల) ఆన్‌బోర్డ్ ఆడియో ఆఫ్ ఉందా చూడు. ఆడ ఆన్ ఉండి గూడ రాలేదంటే కోడెక్ పోయినట్టే.

ఒక్కటి యాదుంచుకో. విండోస్ను ఫాస్ట్ స్టార్టప్‌తోని బంద్ చేసి లినక్స్ ఎక్కితే ఒక్కోసారి కోడెక్ సక్కగ లేవదు, మంచి చిప్ గూడ సచ్చినట్టు కనిపిస్తది. షిఫ్ట్ పట్టుకొని షట్‌డౌన్ కొట్టు, పవర్ వైరు తీసి, బటన్ ఒక 15 సెకన్లు ఒత్తి పట్టు, గప్పుడు బూట్ చెయ్యి.

గోదారిగట్టు · 12:30

మూడోసారి తీశాక హై డెఫినిషన్ ఆడియో డివైస్ అని వచ్చింది, ముక్కోణం పోయింది. అవుట్‌పుట్‌లో స్పీకర్స్ ఎంచుకున్నాను. మాస్టారు చెప్పిన పచ్చ గీతలు ఎగురుతున్నాయి. కానీ స్పీకర్లలో మాత్రం చప్పుడు లేదు! స్పీకర్ పవర్ లైటు వెలుగుతోంది. ఫోన్‌కి పెడితే అవే స్పీకర్లు మోగుతున్నాయి.

టంకం_మాస్టారు · 12:38

స్పీకర్ పిన్ను వెనక ఏ రంగు రంధ్రంలో ఉంది?

గోదారిగట్టు · 12:44

నీలం. మొదటినుంచీ అందులోనే ఉంది, విండోస్ 10లో బాగానే మోగేది.

టంకం_మాస్టారు · 12:57

ఆకుపచ్చలోకి మార్చండి, మోగుతుంది.

కారణం: మూడు రంధ్రాల బోర్డులో ఆకుపచ్చ స్పీకర్లకి, గులాబీ మైకుకి, నీలం బయటి శబ్దం లోపలికి రావడానికి. అయితే పాత రియల్‌టెక్ మేనేజర్ పిన్ను పెట్టగానే "ఏ పరికరం తగిలించారు?" అని అడిగేది. అక్కడ స్పీకర్ అని ఎంచితే ఆ నీలం రంధ్రాన్నే అవుట్‌పుట్‌గా మార్చేసేది. చిప్‌కి ఆ వెసులుబాటు ఉంది. ఏళ్ల క్రితం ఎవరో ఆ కిటికీలో ఓకే కొట్టి ఉంటారు. మైక్రోసాఫ్ట్ సాధారణ డ్రైవర్‌కి ఈ మార్పిడి తెలియదు, రంధ్రం రంగును బట్టే నడుస్తుంది.

గోదారిగట్టు · 1:03

మోగింది!! ఇంకో ప్రశ్న. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ డ్రైవర్‌తోనే ఉండిపోతే నష్టమా?

పసుపుముక్కోణం · 1:40

రెండు స్పీకర్లు పెట్టుకుని పాటలు, సినిమాలు, కాల్స్ వరకే అయితే నష్టమేమీ లేదు. నా ఓటు అలా వదిలేయడానికే. పోయేవి ఇవి: రంధ్రాల పని మార్చుకోవడం, ఈక్వలైజర్ లాంటి హంగులు, ముందూ వెనకా రెండు జాక్‌లకు వేర్వేరు శబ్దం పంపడం, మైకులో గోల తగ్గించే ఫిల్టర్లు. 5.1 స్పీకర్లు మూడు రంధ్రాల బోర్డుకు తగిలించేవాళ్లకి మాత్రం రియల్‌టెక్ తప్పదు, ఎందుకంటే అక్కడ నీలం, గులాబీ రెండూ అవుట్‌పుట్‌గా మారాలి.

కొత్తది ఎక్కించాలనుకుంటే మిగిలిన చెత్త కూడా ఊడ్చాలి. డివైస్ మేనేజర్‌లో సాఫ్ట్‌వేర్ కాంపొనెంట్స్ కింద రియల్‌టెక్ ఆడియో ఎఫెక్ట్స్, యూనివర్సల్ సర్వీస్, హార్డ్‌వేర్ సపోర్ట్ అప్లికేషన్ అని ఉంటే వాటినీ టిక్ పెట్టి తీసేయండి. ఎక్స్‌టెన్షన్లు అక్కడ కనబడవు. వాటికి అడ్మిన్ టెర్మినల్‌లో పీఎన్‌పీయుటిల్ అనే ఆదేశం ఉంది, దానికి "స్లాష్ ఎనమ్ హైఫన్ డ్రైవర్స్" తగిలిస్తే గోదాములోని బయటి డ్రైవర్లన్నీ చూపిస్తుంది. ప్రతిదానికీ ఓఈఎం అని మొదలై ఒక అంకె, ఆపై డాట్ ఐఎన్‌ఎఫ్ అని పేరుంటుంది. ప్రొవైడర్ రియల్‌టెక్ అయి, క్లాస్ మీడియా, ఎక్స్‌టెన్షన్, సాఫ్ట్‌వేర్ కాంపొనెంట్‌లలో ఏదో ఒకటైనవి రాసుకోండి. ఎక్స్‌టెన్షన్ అయితే అసలు పేరు కూడా చూసి ఆడియోదే అని నిర్ధారించుకోండి. తర్వాత స్లాష్ డిలీట్ హైఫన్ డ్రైవర్, ఆ పేరు, చివర స్లాష్ అన్‌ఇన్‌స్టాల్.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. చాలా బోర్డుల్లో నెట్‌వర్క్ చిప్ కూడా రియల్‌టెక్‌దే. క్లాస్ దగ్గర నెట్ అని ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. ప్రొవైడర్ పేరు ఒక్కటే చూసి వరసగా తీసేస్తే ఇంటర్నెట్ కూడా పోయి పులి మీద పుట్రవుతుంది.

అప్పుడు రీస్టార్ట్, సెటప్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడపడం, మళ్లీ రీస్టార్ట్, ఆ తర్వాతే నెట్ కేబుల్. నెట్ వచ్చిన కాసేపటికి కన్సోల్ స్టోర్ నుంచి దానంతటదే దిగుతుంది.

చిన్నచేప · 3:10

ఇదే దారంలో అడుగుతున్నా, క్షమించాలి. నాది ల్యాప్‌టాప్. నా హార్డ్‌వేర్ ఐడీ హెచ్‌డీ ఆడియోతో కాకుండా ఇంటెల్ ఆడియోతో మొదలవుతోంది. రియల్‌టెక్ అసలు జాబితాలోనే లేదు, సిస్టమ్ డివైసెస్‌లో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ అని ఏదో ముక్కోణంతో ఉంది. పై పద్ధతి పనిచేస్తుందా?

పసుపుముక్కోణం · 3:34

మీకు అది సరిపోదు. మీ యంత్రంలో కంట్రోలర్‌కీ కోడెక్‌కీ మధ్య ఇంటెల్ వాళ్ల శబ్ద ప్రాసెసర్ ఉంది. దాని బస్ డ్రైవర్ లేవకపోతే వెనకున్న రియల్‌టెక్ విండోస్‌కి కనిపించనే కనిపించదు. కాబట్టి రియల్‌టెక్ సెటప్ ఎన్నిసార్లు నడిపినా గోడకు చెప్పినట్టే. ల్యాప్‌టాప్ తయారీదారు పేజీలో మీ మోడల్‌కిచ్చినవే, ఈ వరుసలో: చిప్‌సెట్, సీరియల్ ఐఓ, ఇంటెల్ స్మార్ట్ సౌండ్, చివర రియల్‌టెక్. ఒక్కోదాని తర్వాత రీస్టార్ట్.

మీది 11వ తరం ఇంటెల్ అయితే స్మార్ట్ సౌండ్ డ్రైవర్ వెర్షన్ కూడా చూసుకోండి. 10.29.0.5152, 10.30.0.5152 ఈ రెండింటికీ విండోస్ 11తో పడక యంత్రం ఆగిపోయి నీలి తెర వచ్చేది, అందుకే అలాంటి యంత్రాలకు మైక్రోసాఫ్ట్ అప్‌గ్రేడ్‌నే ఆపి ఉంచింది. చివరి అంకెలు 5714 గానీ ఆపైన గానీ ఉండాలి. 10.30 అన్నది 10.29 కంటే కొత్తది కాదు, అవి రెండు వేర్వేరు శాఖలు. చివరి నాలుగంకెలే చూడండి.

ఆ ఇంటెల్ బస్‌కి డ్రైవర్ మార్చి మైక్రోసాఫ్ట్ హై డెఫినిషన్ ఆడియో కంట్రోలర్ పెట్టేయమనే చిట్కా నెట్‌లో తిరుగుతుంటుంది. స్పీకర్ మోగొచ్చు. కానీ లోపలి మైకు డిజిటల్ రకమై ఆ ఇంటెల్ ప్రాసెసర్‌కే కలిపి ఉంటే అది మాయమవుతుంది.

నిశ్శబ్దం · 5:22

నా దగ్గర సౌండ్ వస్తోంది గానీ మధ్యమధ్యలో చిటపట. వేయించిన ఆవాల్లా. డ్రైవర్ మూడు వెర్షన్లు మార్చాను. ఇంకోటి, కాల్‌లో ఉండగా పాట గొంతు పడిపోతుంది.

టంకం_మాస్టారు · 5:50

రెండోది సులువు. సౌండ్ కిటికీలో కమ్యూనికేషన్స్ ట్యాబ్ ఉంటుంది. కాల్ వస్తే మిగతా శబ్దాలు 80 శాతం తగ్గించమని అక్కడ ముందే పెట్టి ఉంటుంది. డూ నథింగ్ పెట్టండి.

చిటపట గురించి ముందు ఒకటి తేల్చుకోండి. ఏమీ మోగనప్పుడు కూడా సన్నగా "మ్‌మ్‌మ్" అని వస్తోందా? వస్తే అది డ్రైవర్ కాదు, కరెంటు లైను 50 హెర్ట్జ్ గోల. సీపీయూ, మానిటర్, స్పీకర్లు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లో గుచ్చండి. చాలా ఇళ్లలో ఆ మూడో రంధ్రం ఉత్త అలంకారమే, లోపల వైరు ఉండదు.

పసుపుముక్కోణం · 6:15

మోగుతున్నప్పుడే చిటపట అయితే: అవుట్‌పుట్ పరికరం ప్రాపర్టీస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి, ఫార్మాట్ 24 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టండి. 192000 పెడితే బాగుంటుందనేది భ్రమ, వినే పాటలు దాదాపు అన్నీ 44100 లేదా 48000లోనే ఉంటాయి.

అయినా తగ్గకపోతే తప్పు సౌండ్ డ్రైవర్‌ది కాకపోవచ్చు. శబ్దం చిన్నచిన్న గుక్కలుగా, టైముకి అందాలి. మధ్యలో వేరే డ్రైవర్ ఎవరో ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంటే ఆ గుక్క తప్పుతుంది, అదే మీకు "చిట్" అని వినిపించేది. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం పది నిమిషాలు నడిపి డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎక్కువ సమయం తిన్నవాణ్ణి చూడండి. ఎన్‌డీఐఎస్ అయితే నెట్‌వర్క్ వైపు, ఎక్కువగా వైఫై. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అయితే గ్రాఫిక్స్. వైఫై ఆపి ఒక పాట వినండి, చిటపట ఆగితే మార్చాల్సింది వైఫై డ్రైవర్‌ని.

నిశ్శబ్దం · 7:40

వైఫై ఆపితే ఆగింది! సౌండ్ డ్రైవర్ మూడుసార్లు ఎందుకు మార్చానో.

గోదారిగట్టు · ఆదివారం, 10:20

కొత్త డ్రైవర్ శుభ్రంగా ఎక్కింది. కన్సోల్ తెరుచుకుంటోంది, వెర్షన్ 6.0.9. చివరిగా ఒక్కటి: క్యాబినెట్ ముందు జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టినా గుర్తించడం లేదు.

టంకం_మాస్టారు · 10:45

కన్సోల్‌లో డివైస్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద ముందు ప్యానెల్ జాక్ గుర్తింపును ఆపే ఆప్షన్ ఉంటే దాన్ని తిప్పి చూడండి. ఫలితం లేకపోతే స్విచ్చు ఆపి, వైరు తీసి పక్క డోర్ విప్పండి. క్యాబినెట్ నుంచి వచ్చే ఆడియో వైరు బోర్డు అడుగున, వెనక వైపు మూలలో తగులుతుంది. పది చోట్లలో తొమ్మిది పిన్నులు, ఒక చోటు ఖాళీ, తిరగేసి పెట్టకుండా. పాత క్యాబినెట్లలో ఒకే వైరుకి రెండు కొసలుంటాయి, ఒకదాని మీద హెచ్‌డీ ఆడియో అని, రెండోదాని మీద ఏసీ97 అని. ఏసీ97 కొస పెడితే జాక్ గుర్తింపు పనిచేయదు, ఎందుకంటే అందులో ఆ సంకేతానికి తీగే లేదు. హెచ్‌డీ ఆడియో కొస పెట్టండి. బోర్డు మీది యూఎస్‌బీ హెడర్‌కి (పిన్నుల గుంపుకి) కూడా తొమ్మిది పిన్నులే, కానీ ఖాళీ వేరే చోట ఉంటుంది, కాబట్టి బలవంతంగా నొక్కొద్దు.

ఇక హెడ్‌ఫోన్ ఫోన్‌దైతే, అంటే పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే, మైకు కూడా అదే పిన్నులో ఉంటుంది. డెస్క్‌టాప్‌లో రెండు రంధ్రాలు వేరు కాబట్టి రెండు కొసలుగా చీల్చే చిన్న వైరు కావాలి.

గోదారిగట్టు · 11:30

ఏసీ97 కొసే పెట్టి ఉంది. మార్చాను, గుర్తించింది. శీర్షిక మారుస్తున్నా. అందరికీ ధన్యవాదాలు.

వన్‌క్లిక్ · 11:52

ఒకవేళ నిజంగానే చిప్ కాలిపోయి ఉంటే బోర్డు మార్చాల్సిందేనా మరి?

పెంగ్విన్‌పోరడు · 12:01

బోర్డెందుకన్నా. యూఎస్‌బీ సౌండ్ కార్డ్ బొటనవేలంత ఉంటది, సికింద్రాబాద్ల కంప్యూటర్ షాపులుండే సీటీసీల ఏ షాపుల అడిగినా ఇస్తరు. విండోస్ల, లినక్స్ల డ్రైవర్ ముందే ఉంటది, గుచ్చంగనే మోగుతది. బోర్డు వెనుకున్న యూఎస్‌బీల పెట్టు, ముందుదాంట్ల ఒక్కోసారి గోల వస్తది. గుచ్చినంక బయోస్ల పాతదాన్ని డిసేబుల్ చెయ్యి, లేకుంటె విండోస్ ఎప్పుడో ఒకసారి మళ్ల దాన్నే ఎంచుకుంటది.